కాగితాల మీద నర్సింగ్

ఇంటర్ ఫలితాలు వచ్చీ రాగానే బైపీసీ పిల్లల తల్లిదండ్రుల ఫోన్లకు మళ్లీ ఆ సందేశాలు మొదలయ్యాయి. బీఎస్సీ నర్సింగ్ సీటు ఖాయం, ఫీజు వాయిదాల్లో కట్టుకోవచ్చు, రోజూ రావడం కుదరకపోతే ‘నాన్ అటెండింగ్’ ఉంది, పరీక్షలకు వస్తే చాలు. దళారులు ఎవరికీ జంకకుండా, పేరూ నంబరూ ఇచ్చి మరీ అమ్ముతున్న ఈ డిగ్రీ ఎవరిదో ఒక్కసారి ఆలోచించాలి. రేపు ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న మనిషి పక్కన రాత్రంతా నిలబడవలసిన వ్యక్తిది. ప్రసూతి వార్డులో తెల్లవారుజామున మూడు గంటలకు డాక్టరు రాకముందే నిర్ణయం తీసుకోవలసిన వ్యక్తిది. కాలేజీ గడప తొక్కకుండా, ఆస్పత్రి వార్డు చూడకుండా ఆ డిగ్రీ ఇప్పిస్తామని బేరం పెడుతుంటే నర్సింగ్ కౌన్సిళ్లు, ఆరోగ్య విశ్వవిద్యాలయాలు, వైద్య విద్యా శాఖలు ఏటా చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాయి.

నిబంధనలు లేక కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనలు చదివితే ఇంత కట్టుదిట్టమైన చదువు మరొకటి ఉందా అనిపిస్తుంది. నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు, చివరి సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్. థియరీకి 80 శాతం హాజరు ఉంటే పరీక్ష రాయనిస్తారు. ఆస్పత్రి వార్డులో రోగుల మధ్య చేసే క్లినికల్ శిక్షణకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. డిగ్రీ చేతికి రావాలంటే ప్రతి విభాగంలోనూ నూటికి నూరు శాతం హాజరు ఉండి తీరాలి. జ్వరమొచ్చి నాలుగు రోజులు పోస్టింగ్ తప్పినా, ఆ నాలుగు రోజులూ తరువాత వార్డులో చేసి భర్తీ చేయాల్సిందే. పదిమంది విద్యార్థులకు ఒక బోధకురాలు ఉండాలి. కాలేజీకి అనుబంధంగా రోగులున్న ఆస్పత్రి ఉండాలి.

మరి నూరు శాతం హాజరు తప్పనిసరి అయిన కోర్సులో నాన్ అటెండింగ్ ఎలా సాధ్యం? ఒకే ఒక్క దారి ఉంది. రాని విద్యార్థి వచ్చినట్టు ఎవరో సంతకం పెట్టాలి. వార్డులో చేసిన పనులు నమోదు చేసే లాగ్‌బుక్కులో కట్టని గాయం కట్టినట్టు, చూడని కాన్పు చూసినట్టు, ఎక్కించని సెలైన్ ఎక్కించినట్టు రాయాలి. కింద ట్యూటర్ సంతకం, ఆపైన ప్రిన్సిపాల్ సంతకం, ఆ కట్టలన్నీ తనిఖీ చేసి సక్రమంగా ఉన్నాయన్న బృందం సంతకం. ఒక్క అబద్ధానికి ఇన్ని చేతులు కావాలి. పట్టుబడిన ప్రతిసారీ విద్యార్థి పేరు, కాలేజీ పేరు బయటికి వస్తాయి. ఆ సంతకాలు ఎవరివన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. మేము అడుగుతున్నది అదే. ఆ సంతకం ఎవరు పెట్టారు?

వార్డులో గడిపే గంట విలువ ఏమిటో తెలిసినవారికి ఈ కోపం అర్థమవుతుంది. ప్లాస్టిక్ బొమ్మ చేతికి సూది గుచ్చడం ల్యాబులో ఒక పూటలో వస్తుంది. విరేచనాలతో వడిలిపోయిన ఏడాది పిల్ల చేతిలో దొరకని నరాన్ని వెతికి పట్టుకోవడం ఏ ల్యాబులోనూ రాదు. కాన్పు అయిన గంటలో తల్లి పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందా, ఇంకా మెత్తగానే ఉందా అన్నది వేళ్లతో గుర్తుపట్టాలి. మెత్తగా ఉంటే లోపల రక్తం పోతోందని అర్థం, ఆ తరువాత నిమిషాల మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. చేతికి అలవాటు కావాలంటే పదుల సంఖ్యలో తల్లుల దగ్గర, సీనియర్ సిస్టర్ చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి నేర్చుకోవాలి. ఆపరేషన్ అయిన రోగికి మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకన్నా తగ్గుతుంటే ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టులో అంకె రాసి ఊరుకోకూడదని, వెంటనే డాక్టరును పిలవాలని, ఆయన విసుక్కున్నా మళ్లీ పిలవాలని నేర్పేది నైట్ డ్యూటీయే. పొటాషియం క్లోరైడ్ ఆంపూల్‌ను, అంటే ఇంజెక్షన్ మందు సీసాను, పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఈ ముక్క పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవారే, ఒకేసారి ఆరుగురు రోగులు పిలుస్తున్న హడావిడిలో ట్రేలోంచి ఏ ఆంపూల్ తీస్తున్నారో ఆగి చూసే అలవాటు లేకపోతే ప్రమాదం తెస్తారు. ఆ అలవాటును ఎవరూ సంతకం పెట్టి ఇవ్వలేరు.

ప్రపంచమంతా ఈ గంటల్ని లెక్కపెట్టేది ఇందుకే. ఐరోపా యూనియన్ నిబంధన ప్రకారం సాధారణ నర్సు శిక్షణకు 4,600 గంటలు ఉండాలి, అందులో కనీసం సగం రోగుల మధ్యే గడవాలి. బ్రిటన్‌లో 2,300 గంటల ప్రాక్టీసు పూర్తికానిదే రిజిస్టర్‌లో పేరు ఎక్కదు. నర్సు చదువుకీ రోగి ప్రాణానికీ ఉన్న సంబంధం ఊహాగానం కూడా కాదు. తొమ్మిది ఐరోపా దేశాల్లోని 300 ఆస్పత్రుల్లో శస్త్రచికిత్స చేయించుకున్న 4 లక్షల మందికి పైగా రోగుల వివరాలతో 2014లో లాన్సెట్ పత్రిక ఒక అధ్యయనం ప్రచురించింది. డిగ్రీ చదివిన నర్సుల శాతం పది పెరిగిన ఆస్పత్రుల్లో 30 రోజుల్లోగా రోగి చనిపోయే అవకాశం 7 శాతం తక్కువగా కనిపించింది. అక్కడ డిగ్రీ అంటే నిజంగా చదివిన డిగ్రీ. లాగ్‌బుక్కులు కూర్చుని నింపిన డిగ్రీ ఎవరి ప్రాణాన్నీ కాపాడదు.

పరీక్ష పాసైతే చాలదా అనేవారికి అమెరికా అనుభవం ఉంది. 2023 జనవరిలో ఫ్లోరిడాలో ఆపరేషన్ నైటింగేల్ పేరిట బయటపెట్టిన కుంభకోణంలో మూడు నర్సింగ్ స్కూళ్లు 7,600కు పైగా బూటకపు డిప్లొమాలు, మార్కుల పత్రాలు అమ్మినట్టు తేలింది. పాతిక మంది మీద అభియోగాలు మోపారు. వాటిని కొన్నవారిలో సుమారు 2,400 మంది ఆ తరువాత అక్కడ నర్సు లైసెన్సుకు రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి పాసయ్యారు. మన పిల్లలు అమెరికా వెళ్లాలని ఏళ్ల తరబడి కోచింగ్ తీసుకుని రాసే పరీక్ష అదే. అంత గట్టి పరీక్ష కూడా వార్డు చూడనివారిని వడకట్టలేకపోయిందంటే, మన సెమిస్టరు పరీక్షలు వడకడతాయనుకోవడం ఆత్మవంచన. రాతపరీక్ష జ్ఞాపకాన్ని చూస్తుంది. చేతిని చూడగలిగేది క్లినికల్ ఒక్కటే, దానికే ఇక్కడ దొంగ సంతకాలు పడుతున్నాయి.

మధ్యప్రదేశ్‌లో జరిగింది పాఠకులకు తెలిసిందే. భవనాలు, బోధకులు, ఆస్పత్రులు లేని నర్సింగ్ కాలేజీలకు గుర్తింపు ఇచ్చారని హైకోర్టుకు ఫిర్యాదు వెళ్లింది. కోర్టు సీబీఐని పంపింది. 308 కాలేజీలు చూసిన సీబీఐ అందులో 169 అర్హమైనవని నివేదించింది. 2024 మే నెలలో ఏమైంది? అనుకూలంగా నివేదిక రాయడానికి లంచాలు తీసుకున్నారంటూ ఆ తనిఖీలు చేసిన సొంత అధికారులనే సీబీఐ అరెస్టు చేయాల్సి వచ్చింది. కంచే చేను మేయడమంటే ఇదే. అర్హమైనవన్న ఆ 169 కాలేజీలనూ న్యాయాధికారుల సమక్షంలో, వీడియో తీస్తూ మళ్లీ తనిఖీ చేయాలని హైకోర్టు ఆదేశించింది. ఈలోగా పరీక్షలు ఆగి, తరగతులు ముందుకు కదలక నలిగిపోయింది ఎవరు? అప్పు చేసి ఫీజు కట్టి, నిజాయతీగా వార్డులకు వెళ్లిన పిల్లలు కూడా.

అది వేరే రాష్ట్రం కథ అని తెలుగు రాష్ట్రాల్లో ఎవరైనా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటే పొరపాటు. అక్కడ బయటపడిన రోగం ఒక రాష్ట్రానిది కాదు, తనిఖీ పద్ధతిది. ముందే తేదీ తెలిసే తనిఖీ, ఆ ఒక్కరోజుకు తెచ్చిపెట్టుకునే బోధకులు, మంచాల మీద పడుకోబెట్టే రోగులు, బీరువాలోంచి దించే రిజిస్టర్లు. ఈ నాటకం నర్సింగ్ విద్యలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా నివేదిక మీద సంతకం పడుతుంది. మళ్లీ అదే ప్రశ్న.

ఈ అబద్ధానికి రెండో ముఖం కూడా ఉంది. దాని గురించి ఇంకా తక్కువ మాట్లాడతారు. కొన్ని ప్రైవేటు ఆస్పత్రుల్లో విద్యార్థినులు వార్డులకు రోజూ వస్తారు, అవసరానికి మించి వస్తారు. స్టాఫ్ నర్సును నియమిస్తే జీతం ఇవ్వాలి, స్టూడెంట్ అయితే ఫీజు ఆమే ఇస్తుంది. అందుకని రెండో సంవత్సరం పిల్లను ముప్పై మంచాల వార్డులో నైట్ డ్యూటీకి వేస్తారు. ట్యూటర్ ఉండదు, నేర్పేవారు ఉండరు. బీపీలు చూడటం, దుప్పట్లు మార్చడం, శాంపిళ్లు ల్యాబుకు మోయడంతో తెల్లవారుతుంది. ఉదయం ఆ రాత్రంతా క్లినికల్ శిక్షణ కింద రాసుకుంటారు. అక్కడ కూడా సంతకం అబద్ధమే చెబుతోంది. ఒకచోట రాని విద్యార్థికి శిక్షణ జరిగిందంటారు, మరోచోట వచ్చిన విద్యార్థి చేత చాకిరి చేయించి శిక్షణ అంటారు. ప్రైవేటు నర్సుల వేతనాల మీద 2016లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. ఆ తరువాత కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలలోపు ఆస్పత్రిలో కూడా నర్సుకు నెలకు రూ.20 వేలకు తగ్గకూడదంది. విద్యార్థినులతో ఉచితంగా పని గడిచిపోతున్నంత కాలం ఆ సిఫారసును పట్టించుకోవలసిన అవసరం ఏ యాజమాన్యానికి వస్తుంది?

నర్సుల కొరత తీవ్రంగా ఉంది కాబట్టి మరీ బిగిస్తే సీట్లు తగ్గుతాయని, చిన్న పట్టణాల్లోని కాలేజీలు మూతపడతాయని యాజమాన్యాలు అంటున్నాయి. కొరత నిజమే. 2023 నాటికి ప్రపంచానికి 58 లక్షల మంది నర్సులు తక్కువగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన కేంద్ర ప్రభుత్వం కూడా అదే ఏడాది వైద్య కళాశాలల పక్కనే 157 కొత్త నర్సింగ్ కాలేజీలు పెట్టాలని రూ.1,570 కోట్లు కేటాయించింది. మంచిదే, వైద్య కళాశాల పక్కన ఉంటే రోగులుండే ఆస్పత్రి దానంతటదే దొరుకుతుంది. కానీ కొరత ఉన్నది పని తెలిసిన నర్సులకు. సర్టిఫికెట్లకు కాదు. వార్డు చూడని పదివేల మందిని రిజిస్టర్‌లోకి ఎక్కిస్తే అంకె పెరుగుతుంది, కొరత అలాగే ఉంటుంది. పైగా, నిజంగా చదివిన నర్సుకు విదేశీ ఆస్పత్రుల ముందు పరువు పోతుంది. ఒక్క దొంగ లాగ్‌బుక్కు బయటపడితే ఆ రాష్ట్రం నుంచి వచ్చిన ప్రతి నర్సునూ అక్కడి రిక్రూటర్లు అనుమానంగా చూస్తారు.

1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చింది. కాలేజీలను మదింపు చేసి రేటింగ్ ఇచ్చేందుకు ప్రత్యేక బోర్డు, రిజిస్ట్రేషన్‌కూ వృత్తి నైతికతకూ మరో బోర్డు అందులో ఉన్నాయి. చట్టం మీద మాకు అభ్యంతరం లేదు. కొత్త బోర్డులు కూడా పాత పద్ధతిలోనే, పాత బృందాలతోనే, ముందే చెప్పి వెళ్లి, పాత రిజిస్టర్లే తిరగేసి వస్తే పేరు మారడం తప్ప ఒరిగేదేమిటి? నర్సులకు ఇప్పటికే ఆధార్‌తో ముడిపడిన రిజిస్ట్రేషన్ గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. మనిషి ఎవరో తేల్చే ఏర్పాటు చేయగలిగినవారు, ఆ మనిషి ఏ రోజు ఏ వార్డులో ఎవరి పర్యవేక్షణలో పనిచేసిందో తేల్చే ఏర్పాటు ఎందుకు చేయలేరు? విద్యార్థి హాజరు ఆస్పత్రిలో వేలిముద్రతో పడాలి, కాలేజీ గదిలో కాదు. లాగ్‌బుక్కులోని ప్రతి పేజీనీ ఆనాడు డ్యూటీలో ఉన్న వార్డు ఇన్‌చార్జి ధ్రువీకరించాలి. ఆస్పత్రి ఇన్‌పేషెంట్ రికార్డుతో సరిపోల్చాలి. ఆ నెలలో నాలుగు కాన్పులే జరిగిన ఆస్పత్రిలో అరవైమంది విద్యార్థినులు తలా ఇరవై కాన్పులు చూసినట్టు రాసుంటే పట్టుకోవడానికి సీబీఐ అక్కర్లేదు, కూడికలు వస్తే చాలు.

దొంగ హాజరు తేలినచోట విద్యార్థిని ఇంటికి పంపి చేతులు దులుపుకోవడాన్ని మేము శిక్షగా అంగీకరించం. పద్దెనిమిదేళ్ల పిల్లకు, ఆమె తల్లిదండ్రులకు నాన్ అటెండింగ్ మామూలే అని నమ్మబలికింది పెద్దవాళ్లు. పోయిన గంటల్ని ప్రభుత్వాస్పత్రుల్లో పూర్తిచేసుకునే అవకాశం ఆ పిల్లకు ఇవ్వండి, ఖర్చు కాలేజీ చేత కట్టించండి. సంతకం పెట్టిన ట్యూటర్ రిజిస్ట్రేషన్ నిలిపివేయండి. ప్రిన్సిపాల్ మీద ఫోర్జరీ కేసు పెట్టండి. అన్నీ ఉన్నాయని రాసిచ్చిన తనిఖీ బృందం పేర్లు ప్రకటించండి. ఏటా మే 12న నర్సుల దినోత్సవం నాడు వేదికలెక్కి కొవ్వొత్తులు వెలిగించే మంత్రులు, వీసీలు, రిజిస్ట్రార్లు ఈ ఒక్క పనికి ఇంతవరకూ ఎందుకు వెనకాడుతున్నారు? కాలేజీల అనుమతుల వెనుక ఎవరెవరు ఉన్నారో వారికి తెలియదా? రెండు రాష్ట్రాల్లోని నర్సింగ్ కౌన్సిళ్లు, ఆరోగ్య విశ్వవిద్యాలయాలు గత అయిదేళ్ల తనిఖీ నివేదికలను, వాటి కింద సంతకాలు పెట్టినవారి పేర్లు, హోదాలతో సహా ఈ అడ్మిషన్లు ముగిసేలోగా ప్రజల ముందు పెట్టాలి. పెట్టలేకపోతే, ఎవరిని కాపాడటానికి పెట్టడం లేదో అయినా చెప్పాలి.