ఒక్క హామీతో పెగ్గీ నూనన్‌ను కొలవకండి

అమెరికా అధ్యక్షులు రేగన్‌కు, సీనియర్ బుష్‌కు ప్రసంగాలు రాసిన పెగ్గీ నూనన్ మీద మీరు వేసిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కానీ సగం వ్యాసం 1988 ఎన్నికల్లో ఆమె రాయగా బుష్ ఇచ్చిన 'కొత్త పన్నులుండవు' హామీకే సరిపోయింది. 1990లో బుష్ పన్నుల పెంపునకు ఒప్పుకున్నారు, 1992లో ఓడిపోయారు. మాట తప్పింది నాయకుడైతే రాసినావిడను నిలదీయడం ఏం న్యాయం?

ఆవిడ సత్తా తెలియాలంటే ఆమె రాసిన 1986 జనవరి 28 నాటి రేగన్ ప్రసంగం వినాలి. ఆ రోజు ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదంలో ఏడుగురు చనిపోయారు. వాళ్లలో టీచర్ క్రిస్టా మెకాలిఫ్ ఉండటంతో ఎన్నో బడుల్లో పిల్లలు ఆ ప్రయోగాన్ని టీవీలో లైవ్‌గా చూశారు. ఆ రాత్రి ఇవ్వాల్సిన స్టేట్ ఆఫ్ ది యూనియన్ (అధ్యక్షుడి వార్షిక) ప్రసంగాన్ని వాయిదా వేసి, రేగన్ కొన్ని గంటల్లోనే దేశంతో మాట్లాడారు. అందులో ఆ పిల్లలను ఉద్దేశించి చెప్పిన మాటలున్నాయి. అంత టెన్షన్‌లో, అంత తక్కువ టైములో పిల్లలు గుర్తుకు రావడం మామూలు విషయం కాదు. అంతకుముందు సీబీఎస్ ప్రసార సంస్థలో న్యూస్ యాంకర్ డాన్ రాదర్ కోసం రేడియో వ్యాఖ్యలు రాసిన అనుభవం ఆమెకు బాగా పనికొచ్చిందని నా నమ్మకం. చెవికి రాయడం వేరే విద్య.

ఆమె కన్జర్వేటివ్ అభిప్రాయాలు చాలావాటితో నేను ఏకీభవించను. అయినా వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికలో ఆమె కాలమ్‌లకు 2017లో పులిట్జర్ బహుమతి వచ్చిన సంగతి వ్యాసంలో లేకపోవడం పెద్ద లోటు. దయచేసి చేర్చండి.