నోరు మూసుకున్న వేటగాడు

1987లో వచ్చిన ‘ప్రెడేటర్’ సినిమాలోని గ్రహాంతర వేటగాడిని అభిమానులు నేటికీ కంప్యూటర్‌లో గీస్తూనే ఉన్నారు. ఆ బొమ్మల్లో చాలావరకు ఒకే భంగిమ. నోరు బార్లా తెరిచి ఉంటుంది, మణికట్టు కత్తులు బయటికి వచ్చి ఉంటాయి, వెనుక మెరుపులు. గీసినవారి చేతిలో పనితనం లేక కాదు. రంగు, వెలుగు, చర్మపు నిగనిగ అన్నీ కుదురుతాయి. కుదరనిది లోపలి ఎముక.

ఆ వేటగాడు మొదట ఎలా పుట్టాడో గుర్తు చేసుకోవాలి. మెక్సికో అడవుల్లో షూటింగుకు తెచ్చిన మొదటి వేషం పనికిరాలేదు. దాన్ని పక్కన పెట్టి సినిమా ప్రాణులను తయారుచేసే స్టాన్ విన్‌స్టన్‌కు పని అప్పగించారు. జపాన్ వెళ్లే విమానంలో ఆయన స్కెచ్ వేస్తుంటే, పక్కనే ఉన్న దర్శకుడు జేమ్స్ కామెరాన్ పురుగులకుండే తరహా దవడలున్న ప్రాణిని చూడాలని తనకు ఎప్పటినుంచో కోరిక అన్నారట. వేటగాడి నోటి చుట్టూ ఉండే ఆ నాలుగు కోరలు అలా వచ్చాయి. ఆ వేషం తొడుక్కుని వాటిని మోయాల్సింది మాత్రం ఏడడుగులు దాటిన కెవిన్ పీటర్ హాల్ అనే మనిషి. అతని మోచేయి ఎక్కడ వంగుతుందో వేటగాడి మోచేయీ అక్కడే వంగాలి. తలమీది బరువుతో మెడ ఎంత తిరిగితే అంతే. ఆ ప్రాణి నిజంగా అడవిలో నిలబడినట్టు అనిపించడానికి ఈ కట్టుబాటే కారణమని నా నమ్మకం.

పెన్ టాబ్లెట్ ముందు కూర్చున్న చిత్రకారుడికి అటువంటి అడ్డు ఏదీ లేదు. పిడికెడు నడుము మీద కొండంత భుజాలు పెట్టినా సాఫ్ట్‌వేర్ వద్దనదు. చెయ్యి పైకెత్తితే సొంత మెడకే గుచ్చుకునే కవచం తొడిగినా వద్దనదు. అందుకే ఆ హద్దును గీసేవాడే తెచ్చిపెట్టుకోవాలి.

ఆ ముఖం గీసినప్పుడల్లా నేను ఒక్కచోటే ఆగిపోయేవాణ్ణి. తెరిచిన నోరు తేలిక, నాలుగు కోరలూ నాలుగు దిక్కులకు విప్పితే సరి. మూసినప్పుడు ఏ కోర దేనిమీద పడుతుంది? కండ ఎక్కడ ఉబ్బుతుంది? ఒకరోజు కూరకు తెచ్చిన పీతను బల్లమీద పెట్టుకుని పిన్నుతో దాని నోరు కదిపి చూశాను. ముందు రెండు తలుపు రెక్కల్లాంటి పలకలున్నాయి. వాటిని పక్కకు నెడితే వెనుక ఇంకో జత, దాని వెనుక మరింత పలచని మరో జత. ప్రతి జతకూ మొదట్లో ఒక కీలు. కదలికంతా ఆ కీలులోనే ఉంది, కొనలో లేదు. ఆ రాత్రి కోరలను వదిలేసి ముందు బుగ్గ కండలు గీశాను. కోరలు ఆ తర్వాత వాటంతట అవే తమ చోట్లలో కూర్చున్నాయి.

చర్మం సంగతీ ఇంతే. రెడీమేడ్ పొలుసుల బ్రష్‌తో ఒళ్లంతా ఒకేలా రుద్దేస్తారు. కాసేపు తొండను చూస్తే చాలు, వీపుమీద పొలుసులకూ కాలి మడతల దగ్గరి పొలుసులకూ ఎంత తేడా ఉందో తెలుస్తుంది. డబ్బు లేకపోవడం ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. బొమ్మలు గీసే క్రిటా, త్రీడీ ఆకారాలు మలిచే బ్లెండర్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. అన్నిటికంటే అడుగున ఉండే లేయర్‌లో నలుపు తెలుపుల్లో శరీరం నిలబడితే, పైన రంగులు ఎన్ని మార్చినా బొమ్మ కూలిపోదు.

ఇక స్వభావం. ఈ యోధుడి అసలు బలం కనబడకుండా ఉండటం. ఆయుధం లేనివారి జోలికి వెళ్లడు. చివరి పోరులో ముసుగూ భుజంమీది తుపాకీ తీసి పక్కన పెట్టి చేతులతో కలబడతాడు. ఇంత పట్టింపు ఉన్న వేటగాణ్ణి ఎప్పుడూ అరుస్తూ నిలబెట్టడం అతనికి అన్యాయం చేయడమే. ఒక్క వాక్యం టైపు చేస్తే కృత్రిమ మేధ కూడా అరిచే ముఖాన్ని క్షణాల్లో ఇస్తుంది. ఆ యంత్రం పీతను బల్లమీద పెట్టుకుని చూడలేదు.

నేను చూడాలనుకుంటున్న బొమ్మ ఒకటుంది. వాన వెలిసిన అడవి, తడిసిన వేరుమీద గాయపడి కూర్చున్న వేటగాడు, ఒళ్లో ముసుగు. నాలుగు కోరలూ ముడుచుకుని ఉంటాయి. నొప్పికి ఎడమ బుగ్గ కండ మాత్రం కొద్దిగా బిగుసుకుని ఉంటుంది.