రాత్రి దండెం మీద బట్టలుంటే దోషమట!

వాట్సాప్‌లో మళ్లీ అదే మెసేజ్. "సూర్యాస్తమయం తర్వాత బట్టలు బయట ఆరేస్తున్నారా? ఈ 6 నిజాలు తెలిస్తే వణికిపోతారు! పెద్దలు ఊరికే అనలేదు, సైన్స్ కూడా ఒప్పుకుంది" అని మొదలవుతుంది. "కనీసం పదిమందికి పంపండి" అని ముగుస్తుంది. పంపినవాళ్లలో ఇంజినీర్లున్నారు, టీచర్లున్నారు, మందుల షాపు నడిపే మావాడు కూడా ఉన్నాడు. అసలు చదివే పంపావా అని అడిగితే నమస్కారం బొమ్మ పెట్టాడు. ఇక రాయక తప్పలేదు.

మొదటి నిజం: చంద్రకిరణాల్లోని నెగటివ్ ఎనర్జీ బట్టలకు పడుతుందట. పున్నమి వెన్నెల ఎండలో దాదాపు 4 లక్షల్లో ఒక వంతు. నడినెత్తిన ఎండ కాసినప్పుడు ఏమీ కాని చొక్కా, అదే వెలుతురు అంత పలచబడి పడితే చెడిపోతుందా? వేసవి రాత్రుళ్లు మేడమీద మంచాలు వేసుకుని పడుకున్నవాళ్లం మనమంతా. ఒంటిమీది బట్టల సంగతేమిటి మరి?

రెండోది: లక్ష్మీదేవి వెళ్లిపోయి అప్పులు పెరుగుతాయట. అప్పులు పెరిగేది ఈఎంఐల వల్ల. తర్వాతది చూద్దాం.

మూడోది: రాత్రిపూట చెట్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ బట్టల్లో చేరి విషమవుతుందట. గాలిలో ఆ వాయువు 0.04 శాతం. మనిషి వదిలే ఊపిరిలో దాదాపు 4 శాతం. ఈ లెక్కన వేపచెట్టు కింద లుంగీ కంటే ముసుగుతన్ని పడుకునే మావాడి దుప్పటి వందరెట్లు విషం. దాన్ని ముందు తగలబెట్టమని చెప్పాను.

నాలుగోది: రాత్రి బట్టల మీద పురుగులు గుడ్లు పెడతాయి, అవి ఒంట్లోకి దూరతాయి అంటూ ఒక భయంకరమైన ఫొటో. అలాంటి ఈగ నిజంగానే ఉంది. పేరు టుంబు ఈగ. ఉండేది సహారాకు దిగువనున్న ఆఫ్రికా దేశాల్లో. పగలు నీడన ఆరేసిన తడిబట్టల మీద కూడా గుడ్లు పెడుతుంది, అందుకే అక్కడ ఆరిన గుడ్డలకు వేడివేడిగా ఇస్త్రీ చేస్తారు. మన దండేల మీదికి అది రాదు.

అయితే ఇక్కడ మెసేజ్ రాసినాయనకు కొన్ని మార్కులివ్వాలి. మునగచెట్టు కింద దండెం కట్టుకున్నవాళ్లకు కంబళిపురుగు నూగు సంగతి నేను చెప్పక్కర్లేదు. వానాకాలంలో లైటు వెలుగుకు చేరే సన్నటి పురుగు ఇంకొకటుంది, నలుపూ నారింజ రంగుల్లో, చీమ కంటే కాస్త పెద్దగా. పెడెరస్ అంటారు. కుట్టదు, కరవదు. ఒంటిమీద నలిగితే మాత్రం దాని రసం తగిలినచోట ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు పొక్కుతుంది. బాల్కనీ లైటు కింద రాత్రంతా వేలాడిన బట్టను దులపకుండా తొడుక్కోకండి. ఆయన ఈ ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే నేనే ఫార్వర్డ్ చేసేవాణ్ణి.

ఆరోదీ సగం నిజమే కాబట్టి ముందే తేల్చేస్తాను: రాత్రి బయటున్న బట్టలకు తేమ పట్టి వాసన వస్తుందట. చలికాలంలో ఆకాశం తేటగా ఉన్న రాత్రి గుడ్డ తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. మంచు దానిమీదే దిగుతుంది. సాయంత్రం పొడిగా ఉన్న పంచె తెల్లారేసరికి చెమ్మగిల్లేది అందుకే. అలాగని తడిబట్టల్ని తెచ్చి తలుపులేసిన గదిలో కుర్చీల మీద పరిస్తే ఆ ముక్కవాసన ఇంకా ఎక్కువ, తడి ఆరనిచోట బాక్టీరియా పెరుగుతుంది కనుక. పొద్దున్నే పనికి పోయి చీకటిపడ్డాక వచ్చేవాళ్లు రాత్రి కాక ఎప్పుడు ఉతుక్కుంటారు? తెల్లారాక ఇంకో గంట ఎండ తగలనిచ్చి తీసుకుంటారు, అంతే.

ఇక ఐదోది. నాకు ఒళ్లు మండింది దీనికే. "పసిపిల్లల బట్టలు రాత్రి బయట ఉంటే వాటిమీదుగా పక్షులు ఎగిరి పక్షిదోషం తగులుతుంది. బిడ్డ నిద్రలో ఉలిక్కిపడుతుంది, ఆకుపచ్చగా విరేచనాలవుతాయి, పాలు తాగదు, చిక్కిపోతుంది. మందులు పనిచేయవు, తెలిసినవారితో తాయెత్తు కట్టించాలి."

ఉలికిపాటు మొదటి 4, 5 నెలలు ఆరోగ్యంగా ఉన్న బిడ్డలకూ ఉంటుంది. లేకపోతేనే డాక్టర్లు అనుమానపడతారు. పాలు తాగుతూ హుషారుగా ఉన్న బిడ్డకు విరేచనం ఆకుపచ్చగా వచ్చినంత మాత్రాన కంగారు లేదు. ఈ రెండు మామూలు సంగతుల పక్కనే "పాలు తాగదు, చిక్కిపోతుంది" అని చేర్చాడు చూశారా, అది దోషం కాదు, ప్రమాదం. 2 నెలలు నిండని బిడ్డ పాలు మానేస్తే ఆ పూటే ఆస్పత్రికి పరుగెత్తాలి. విరేచనాలవుతున్న బిడ్డకు కళ్లు లోతుకు పోయి, మాడు గుంటపడి, మూత్రం తగ్గిందంటే ఒంట్లో నీళ్లు అయిపోతున్నాయని. అప్పుడు మాడు మీద ఆముదం అద్ది, తాయెత్తువాడు మంగళవారం రమ్మన్నాడని ఆగితే, మంగళవారం వస్తుంది, బిడ్డ ఉండకపోవచ్చు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింకు మాత్రలు ఆశా కార్యకర్త దగ్గర ఉంటాయి. తల్లిపాలు ఆపకూడదు. 108కి ఫోన్ చేయడానికి ముహూర్తం అక్కర్లేదు.

"మందులు పనిచేయవు" అని టైపు చేసిన వేలికి ఏ దోషమూ తగల్లేదా?

పైగా ఈ దోషం చివరికి ఎవరిమీద పడుతుంది? పక్షి మీద కాదు. "సాయంత్రం బట్టలు తియ్యడం మర్చిపోయావు, అందుకే పిల్లాడికిలా అయింది" అని బాలింత మీద. కాన్పయి నెల తిరగని, సరిగ్గా నిద్రపోని పిల్లను బిడ్డ జబ్బుకు దోషిని చేసే మాట ఇది. పసిబిడ్డ గుడ్డలు చీకటి పడేలోగా లోపలికి తెచ్చుకోవాలని అత్తగారు చెబితే, ఆ మాట మంచిదే, నేనూ చెబుతాను. మంచుకీ పురుగుకీ చెప్పండి. దోషానికి కాదు.

ఇన్ని భయాలు పెట్టిన మెసేజ్‌లో భయపడాల్సిన అసలు సంగతి మాత్రం రాయలేదు. ఇనుప తీగతో కట్టిన దండెం ఇంటి సర్వీసు వైరుకు ఆనుకుని ఉండటం, ఆ వైరు తొడుగు ఒరిసి చిరిగిపోవడం, తడిబట్ట వేయబోయినవాళ్లు షాక్ కొట్టి అక్కడే పడిపోవడం, విడిపించబోయిన ఇంకొకరూ పోవడం. వానలు మొదలైతే చాలు, జిల్లా పేజీల్లో ఈ వార్తలు చదువుతూనే ఉంటాం. చీకట్లో అయితే ఏ తీగ దేనికి తగిలిందో కనిపించదు కూడా. మీ దండెం ఇనుప తీగదైతే తీసేసి నైలాన్ తాడు కట్టండి, కరెంటు వైర్లకు దూరంగా. ఎవరికైనా షాక్ కొడితే చేత్తో లాగకండి, ముందు మెయిన్ ఆపండి. దీన్ని పదిమందికి పంపుతారో లేదో మీ ఇష్టం.