మహారాజశ్రీ కార్బ్యురేటర్ గారి సముఖమునకు

పటమట, విజయవాడ.

నమస్కరించి వ్రాయునది ఏమనగా,

పాత ఉత్తరాల పద్ధతిలో ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెడదామనుకున్నాను. కానీ ఈ అయిదు నెలల్లో మనమిద్దరం ఒకే రోజున కుశలంగా ఉన్న దాఖలా లేదు. మీరు హుషారుగా ఉన్నరోజు నాకు నడుం పట్టేసింది. నా నడుం కుదుటపడిన రోజు మీరు పొంగిపోయి, మెట్ల కింద నేలంతా పెట్రోలు చేశారు. అందువల్ల కుశలప్రశ్నలు పక్కనపెట్టి నేరుగా ఫిర్యాదులోకి వస్తున్నాను.

ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి పంపే తమ పేరు నేను మొదట విన్నది గుంటూరు బ్రాడీపేటలో, సంక్రాంతి వెళ్లిన వారం. 2008 మోడల్ స్పోర్ట్స్ బండి, ఏపీ 07 నంబరు, రెండు వందల పైచిలుకు సీసీ, ముందు సగానికి ఫెయిరింగు అనే గాలితొడుగు. ఉద్యోగం కోసం తిరిగే రోజుల్లో అలాంటి బండి రోడ్డు మీద కనిపిస్తే బస్సు కిటికీలోంచి మెడ తిప్పి, అది కనుమరుగయ్యేదాకా చూసేవాణ్ణి. అప్పుడు డబ్బు లేదు. ఇప్పుడు డబ్బుంది, మెడ తిరగదు. అయినా వెళ్లాను.

అమ్మే ఆయన 38 వేలు చెప్పి, “అంతా బాగుందండీ, కార్బ్యురేటర్ ఒక్కటి క్లీన్ చేయిస్తే చాలు” అన్నారు. నాకది నిజాయితీలా వినిపించింది. ఒక లోపాన్ని తనంతట తానే ఒప్పుకున్న మనిషి రెండోది దాస్తాడా అనుకున్నాను. పాత బండి అమ్మే ప్రతివారూ అదే వాక్యం అంటారని తరువాత తెలిసింది. తేలని పాత కేసులన్నీ దొరికిన ఒక్కడి మీద రాసేసినట్టు, బండిలోని జబ్బులన్నీ తమ పేరు మీదే రాస్తారు.

నేను వెళ్లేసరికే ఇంజను వెచ్చగా ఉంది. “మీరు వస్తున్నారని ఇప్పుడే ఒక చుట్టు తిప్పి తెచ్చాను” అన్నారు. ఎంత మర్యాదస్థుడో అని మురిసిపోయాను. చల్లటి ఇంజను మీద చెయ్యి వేసి చూసి, చలిలో పెట్రోలు పాలు పెంచే చోక్ లాగి, స్టార్టు చేసి, అది ఎంతసేపు మూలుగుతుందో వినకుండా పాత బండికి బయానా ఇవ్వకూడదట. ఈ జ్ఞానం బయానా ఇచ్చాకే వస్తుందనుకుంటాను.

గుంటూరు నుంచి ఇంటికి దాదాపు 35 కిలోమీటర్లు. కాజ టోల్‌గేటు దాకా అశ్వమేధపు గుర్రంలా వచ్చాం. ద్విచక్ర వాహనాలకు అక్కడ రుసుము లేదు, అయినా మీరు ఆగారు. అయిదు నిమిషాలు నిలబడి, నేను నాలుగు మాటలు అన్నాక మళ్లీ కదిలారు. మంగళగిరిలో రెండోసారి ఆగారు. అక్కడి పానకాలస్వామికి పానకం పోస్తే సగం స్వీకరించి సగం భక్తుడికి వదిలేస్తాడని ప్రసిద్ధి. మీరు ఆ క్షేత్రమహిమను వెంటనే గ్రహించి, పోయించిన పెట్రోలులో సగం పుచ్చుకుని మిగతా సగాన్ని ఓవర్‌ఫ్లో గొట్టం గుండా నా చెప్పు మీద వదిలారు. లీటరు 110 రూపాయల దగ్గరున్న ప్రసాదం.

మూడోసారి ఆగింది ప్రకాశం బ్యారేజీ మీద. అక్కడి నుంచి మీరు కదలలేదు. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లని పుస్తకంలో చదివితే చిన్న అంకెలా కనిపిస్తుంది. నూటయాభై కిలోల బండిని తోస్తూ చదివితే అందులో ప్రతి మీటరూ విడివిడిగా తెలుస్తుంది. 1957 నుంచి ఆ 70 గేట్లు కృష్ణమ్మ అంతటిదాన్ని అడిగినప్పుడు వదులుతున్నాయి, వద్దన్నప్పుడు ఆపుతున్నాయి. మీకున్నది ఒకే ఒక్క గేటు. గిన్నెలోకి పెట్రోలును వదిలి ఆపే కందిగింజంత సూది. ఆ మాట గట్టిగానే అన్నాను. పక్కన గాలం వేసుకుని కూర్చున్నాయన నన్నే చూశాడు గానీ మిమ్మల్ని చూడలేదు.

ఎవరినైనా తిట్టేముందు వారి వంశం తెలుసుకోవడం ధర్మం గనుక ఆ రాత్రి తమ వంశవృక్షం చూశాను. నిజం చెప్పాలంటే జంకు పుట్టింది. ప్రవాహం వేగం పుంజుకుంటే దాని ఒత్తిడి తగ్గుతుందని 1738లోనే పుస్తకం వేసిన బెర్నూలీ తమ మూలపురుషుడు. ఇరుకు గొంతులో ప్రవాహం ఎలా నడుచుకుంటుందో 1797లో రాసిన ఇటలీ పండితుడు వెంచూరి తమ గోత్రకర్త. పెట్రోలు మట్టం చెదరకుండా తేలే ఫ్లోటునూ, పెట్రోలును తుంపరగా చిమ్మే సన్నటి ముక్కునూ 1893లో ఒకచోట కూర్చిన మేబాక్ తమ పితామహుడు. ఇంజను ఊపిరి పీలుస్తుంది, ఆ గాలి తమ గొంతు ఇరుకులో పరుగెత్తుతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, కింద గిన్నెలోని పెట్రోలు జెట్ గుండా ఎగిరి ఆ గాలిలో కలుస్తుంది. ఒక తీగ లేదు, చిప్పు లేదు, అత్తరు జల్లే బుడ్డికున్న తెలివే తమకూ ఉంది. దానితోనే నూరేళ్లకు పైగా లోకాన్ని తిప్పారు.

అయితే మా బండిలో వేంచేసిన తమ శాఖకు అదనంగా ఒక రాజసం ఉంది. నేను యాక్సిలరేటర్ తిప్పితే తమలోని ఒక రేకు తలుపు మాత్రమే తెరుచుకుంటుంది. గాలిదారికి అడ్డంగా ఉండే అసలు స్లైడు లేవాలంటే పైన డయాఫ్రం అనే పలచటి రబ్బరు గుమాస్తా ఒత్తిడి తేడా సరిచూసుకుని, సంతృప్తి చెంది, అప్పుడు లేపుతాడు. అంటే నా చేతి తిప్పు ఆజ్ఞ కాదు, విన్నపం మాత్రమే. బందరు రోడ్డులో పచ్చదీపం వెలిగి, వెనక ఆటోలన్నీ హారన్లు మోగిస్తుంటే, నా విన్నపం ఇంకా పరిశీలనలో ఉండేది.

1971లో రాజభరణాలు రద్దయ్యాక కూడా కొందరు రాజావారు కోట గుమ్మంలో అదే మీసంతో కూర్చున్నారట. తమకు ఆ రద్దు 2020 ఏప్రిల్ 1న వచ్చింది. పొగను కట్టడి చేసే బీఎస్-6 నిబంధనలతో కొత్త బళ్లలో తమ స్థానం దాదాపుగా, చిప్పు లెక్కతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్‌కు పోయింది. ఎదురింటి కుర్రాడి బండి ఆ కొత్త తరానిది. మీట నొక్కుతాడు, వెళ్లిపోతాడు. ఒకరోజు “అంకుల్, ఈ చిన్న లివర్ ఎందుకు?” అని అడిగాడు. చోక్ గురించి చెప్పాలంటే బెర్నూలీ నుంచి రావాలి కదా. నేను వెంచూరి దగ్గరికి వచ్చేసరికి వాడికి కాలేజీ టైమయింది.

మరమ్మతు పర్వానికి వస్తాను. వరసగా ముగ్గురు మెకానిక్కుల దగ్గరికి తీసుకెళ్లాను. ముగ్గురూ బండిని చూసి అన్న మొదటి మాట ఒక్కటే: “ఇంతకుముందు ఇది ఎవరు చేశారండీ?” పళ్ల డాక్టర్లు, దర్జీలు, మెకానిక్కులు, ఈ మూడు వృత్తులకూ ఇదే ప్రార్థనాగీతం. మొదటాయన గాలీ పెట్రోలూ పాళ్లు కుదిర్చే తమ మిక్స్చర్ స్క్రూను ఒకటిన్నర చుట్లు విప్పాడు. రెండో ఆయన నొసలు చిట్లించి మళ్లీ బిగించాడు. మూడో ఆయన, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే తమ పైలట్ జెట్‌ను వెలుతురుకు పట్టి చూసి, క్లచ్ కేబులులోంచి ఒక పోగు లాగి అందులో పొడిచాడు. అర మిల్లీమీటరు కూడా లేని రంధ్రం, మెత్తటి ఇత్తడి. పోగు ఉక్కుది. గాలితోనూ ద్రావకంతోనూ తప్ప శుభ్రం చేయకూడని చోటు అది. ఆ రోజుతో రంధ్రం కాస్త పెద్దదై, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు నల్లగా మసిబారడం మొదలైంది. ముగ్గురూ బండిని దుకాణం ముందు రెండేసి నిమిషాలు గర్జింపజేసి, “ఇక చూసుకోనక్కరలేదు” అని డబ్బు తీసుకున్నారు. మూడుసార్లూ నేను దారిలో ఆగి చూసుకున్నాను.

ఈలోగా టైర్లు, బ్యాటరీ, చైను సెట్టు, ముందు ఫోర్కుల సీళ్లు మార్చాను. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ మరో అయిదేళ్లకు పొడిగించుకున్నాను. ఆ ఖర్చులు ఇక్కడ కూడి చూపించను, ఈ ఉత్తరం మా ఆవిడ కంటపడే అవకాశం ఉంది.

తరువాత ఎండలు వచ్చాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బెజవాడలో రోళ్లు ఎప్పుడో మిక్సీలకు చోటిచ్చి వెళ్లిపోయాయి కాబట్టి ఆ బాధ్యత తమరు తీసుకున్నారు. వేడిగాలి పలచన, జనవరి చలిలో కుదిర్చిన పాళ్లలో మే నెలకు పెట్రోలు ఎక్కువై బండి దగ్గుతుంది. పైగా ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్. అది గాలిలోని తేమను లాక్కుంటుంది, ఆ నీరు ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది, తుప్పు రజను వచ్చి తమ సూది కింద కూర్చుంటుంది, సూది మూసుకోదు, పెట్రోలు పొంగుతుంది. 2008లో తమ రబ్బరు సీళ్లను చేసినవారు ఈ విందు సంగతి కలగని ఉండరు. ఇదంతా చదివినప్పుడే నాకు అనుమానం రావలసింది. పొంగింది మీరే, తుప్పు మాత్రం మీది కాదు.

చివరికి కృష్ణలంకలో వేపచెట్టు కింద పానాలు పెట్టుకుని కూర్చునే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన మీ వైపు చూడనైనా లేదు.

“ఎంతసేపు నడిచి ఆగుతుంది బాబూ?”

నాలుగు నెలల్లో ఆ ప్రశ్న అడిగినవారు లేరు. పది నిమిషాలన్నాను.

“ఆగాక ఏం చేస్తావు?”

“అయిదు నిమిషాలు నిలబడి తిడతాను బాబాయ్.”

“తిట్టాక నడుస్తుందా?”

“నడుస్తుంది.”

ఆయన నవ్వి వెనక ఎక్కాడు. కరకట్ట వెంబడి వెళ్లాం. పది నిమిషాలకు మీరు అలవాటు ప్రకారం ఆగారు. ఆయన దిగి, తాళంచెవి తీసుకుని పెట్రోలు ట్యాంకు మూత తెరిచాడు. ఉస్సుమంటూ గాలి లోపలికి పోయింది. మూత వేసి మీట నొక్కితే బండి వెంటనే అందుకుంది. మూతలో గాలి పోవడానికి ఉండవలసిన సన్నటి దారి దుమ్మూ తుప్పూ చేరి పూడిపోయిందట. పెట్రోలు కిందకు దిగేకొద్దీ పైన ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే, గాజు గొట్టం పైమూతిని వేలితో మూసినప్పుడు లోపలి నీళ్లు నిలిచిపోయినట్టు, పెట్రోలు ట్యాంకులోనే ఆగిపోతుంది. మీరు ఇన్నాళ్లూ ఖాళీ గిన్నె పట్టుకుని కూర్చున్నారన్నమాట. నేను మిమ్మల్ని తిండిపోతు అన్నాను.

పెద్దాయన గుండుసూదితో ఆ దారి తెరిచాడు. ట్యాంకు కడిగించమన్నాడు. తమకూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు బూటు పగిలి దొంగగాలి పీలుస్తోందని, అదీ మార్చమన్నాడు. ఇరవై రూపాయలు తీసుకుని, “కార్బ్యురేటర్ జోలికి వెళ్లకు బాబూ, దానికి చేతులు ఎక్కువయ్యాయి” అన్నాడు.

ఆ బూటు కోసం తిరిగిన తిరుగుడు మీకు తెలియాలి. జవహర్ ఆటోనగర్‌లో లారీని చాసిస్ దాకా విప్పి మళ్లీ కట్టగలరు, అరచేతిలో పట్టే నా రబ్బరు ముక్క మాత్రం లేదు. ‘దీనికోసం ఇక్కడికి వచ్చారా’ అన్నట్టు జాలిగా చూశారు. గవర్నరుపేటలో ఒక దుకాణదారు, “ఒరిజినల్ ఉందండీ, డూప్లికేటు ఉందండీ, ఒరిజినల్ లాంటిది కూడా ఉంది” అన్నాడు. మూడోదాని ధర మొదటిదాని కన్నా ఎక్కువ. ఎందుకని అడిగితే, “అది దొరకదు కదండీ” అన్నాడు. కొన్నాను. పైలట్ జెట్ కూడా కొత్తది తీసుకున్నాను, ఎవరి పోగూ తగలనిది.

ఆ తరువాత రెండు వారాలు ఈ బండి ఎక్కడా ఆగలేదు. ఒక ఆదివారం గన్నవరం దాకా వెళ్లి వచ్చాను. ప్లగ్గు విప్పి చూస్తే కాల్చిన బిస్కెట్టు రంగు, పుస్తకాల్లో చెప్పే రంగే. కాబట్టి మహారాజా, తమ మీద మోపిన అభియోగాలన్నీ ఉపసంహరించుకుంటున్నాను. మూత నేరం మూతది, తుప్పు ట్యాంకుది, దగ్గులో సగం బూటుది, మిగతా సగం తమను బాగుచేసినవారిది.

ఉత్తరం ఇక్కడితో ముగించవలసింది. కానీ ఒక సంగతి దాచలేను. గన్నవరం నుంచి వచ్చిన మరుసటి ఆదివారం పొద్దున, ఏ ఇబ్బందీ లేకుండానే, మిమ్మల్ని విప్పాను. ఎందుకని అడక్కండి. మా ఆవిడ అడిగింది.

“బాగానే నడుస్తోందిగా, ఎందుకు విప్పారు?”

“ఒకసారి క్లీన్ చేద్దామని.”

“ఆ పెద్దాయన ముట్టుకోవద్దన్నారని మీరే చెప్పారు కదా. కుక్కరు పిడి ఊగుతోందని రెండు నెలలుగా మొత్తుకుంటున్నాను, దానికి తీరలేదు గానీ...”

నిజమే. అందుకే ఆ రోజు కుక్కరు పిడి కూడా విప్పి బిగించాను. తమ భాగాలు పెట్టుకున్న స్టీలు పళ్లెం ఇక వంటింట్లోకి రాకూడదని ఉత్తర్వు అయింది. మిక్స్చర్ స్క్రూ ఎన్ని చుట్లకు ఊడిందో మాత్రం లెక్కపెట్టుకున్నాను, రెండుంపావు. రెండేమో.

ఇట్లు,
తమ విధేయుడు, మెట్ల కింద బండి గల ఒక పటమట వాసి

తా.క.: అన్నీ బిగించాక పళ్లెంలో ఆవగింజ కన్నా కాస్త పెద్ద వాషరు ఒకటి మిగిలింది. అది తమదో కుక్కరుదో తేలడం లేదు. ప్రస్తుతానికి ఇద్దరూ పనిచేస్తున్నారు.