అంత హఠాత్తుగా ఎవరూ వెళ్లిపోరు

"బాగానే ఉన్నాం కదా, ఒక్కసారిగా ఏమైందో అర్థం కావట్లేదు." బ్రేకప్ అయిన ప్రతివాడూ చెప్పే మాటే ఇది. నేనూ దొరికిన ప్రతి స్నేహితుడి దగ్గరా ఇదే పాట పాడాను. ఒక్కసారిగా ఏమీ జరగలేదని ఒప్పుకోవడానికి రెండేళ్లు పట్టింది.

తను ఫోన్‌లో ఏదో చూసి నవ్వుకుంటూ "ఇది చూడు" అని నా వైపు తిప్పేది. నేను ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే "ఊఁ" అనేవాడిని. ఆ ఫోన్ కాసేపు అలాగే నా ముందు ఉండి, తర్వాత మెల్లగా వెనక్కి వెళ్లేది. అరుపుల్లేవు, అలకల్లేవు, కాబట్టి నా లెక్కలో అసలు ఏమీ జరగనట్టే.

జాన్ గాట్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు కొత్తగా పెళ్లయిన జంటల్లో సరిగ్గా ఇలాంటి చిన్న చిన్న పలకరింపులనే గమనించాడు. ఆరేళ్ల తర్వాత చూస్తే, ఇంకా కలిసున్న జంటలు అలాంటివాటికి 86 శాతం సార్లు స్పందించినవాళ్లు, విడిపోయినవాళ్లు 33 శాతమే. త్యాగాలూ సర్‌ప్రైజులూ కాదండీ, తల ఎత్తి చూడటం, అంతే! బంధాన్ని కోపం కంటే చులకన ఎక్కువ పాడుచేస్తుందని కూడా ఆయనే అంటాడు. "నీకేం తెలుసులే" అని మూతి విరవడం, నలుగురిలో వెటకారమాడటం లాంటివి. అందులోనూ నాకు మంచి మార్కులే వస్తాయి.

మొదట్లో తను అడిగేది, నిలదీసేది. నేను "మళ్లీ మొదలుపెట్టావా" అని పక్క గదిలోకి వెళ్లేవాడిని. నేను తప్పించుకున్నకొద్దీ తను గట్టిగా అడగడం, తను అడిగినకొద్దీ నేను ఇంకా ముడుచుకుపోవడం. ఇది ఎన్నో జంటల్లో కనిపించే వరసేనట. ఆ తర్వాత ఒకరోజు అడగడం మానేసింది. నేనేమో హమ్మయ్య, సర్దుకుంది అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి, ఎందుకంటే ఆ ప్రశాంతతే నాకు మా ఇద్దరి మంచి రోజుల్లా అనిపించింది.

మనుషుల మధ్య సంబంధాల మీద పరిశోధన చేసిన స్టీవ్ డక్ అనే ఆయన 1982లోనే రాశాడు, విడిపోవడంలో మొదటి దశ ఒక్కరి మనసులోనే నడుస్తుందని. అంటే వెళ్లేవాళ్లు ఏడవాల్సిందంతా ముందే ఏడ్చేసి ఉంటారు, ఆ మాట చెప్పే రోజుకి కళ్లు పొడిగా ఉంటాయి. మనకి అది రాతిగుండెలా కనిపిస్తుంది, "వేరే ఎవరో ఉన్నారు" అని కథ అల్లుకుంటాం. నేనూ అల్లాను.

(కొట్టేవాళ్లనీ భయపెట్టేవాళ్లనీ వదిలి వెళ్లడం వేరే సంగతి, దాన్ని ఇందులో కలపకండి.)

మొన్న మా పాత చాట్ పైకి జరుపుతూ చూశాను. మొదటి ఏడాది నిండా ఫొటోలు, పిచ్చి జోకులు, అర్ధరాత్రి లింకులు. చివరి రెండు నెలల్లో "లేట్ అవుతుంది", "బిల్లు కట్టేశా", "నువ్వు తినేయ్". అన్నిటి కిందా నేను పెట్టిన బొటనవేలి ఎమోజీ.