గంటకు ఇరవై నిమిషాల అన్యాయం

మన తరగతి గదుల్లో సమానత్వానికి ముంచుకొచ్చిన ముప్పు గురించి పెద్దలెవరూ నోరు మెదపకపోవడం నన్ను కలచివేస్తోంది. తమ బదులు రాసిపెట్టే లేఖకుని సాయానికి అర్హత ఉన్న వైకల్యమున్న అభ్యర్థులకు రాత పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. అంటే మూడు గంటల పరీక్షను ఒక కుర్రవాడు నాలుగు గంటలు రాస్తాడన్నమాట. మిగతా పిల్లలు చివరి అరగంటా గోడ గడియారం చూస్తూ కూర్చుంటారన్నది నిజమే గాని, సూత్రం సూత్రమే.

వైకల్యమున్నవారి కోసం వచ్చిన 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలతో బుద్ధిగా సరిపెట్టుకుంది. 2016 చట్టం వాటిని 21 చేసి, డిస్‌లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) వంటి అభ్యసన వైకల్యాలను కూడా అందులో చేర్చింది. కంటికి కనబడని దాన్ని నమ్మడం మన సంప్రదాయం కాదు; వాస్తు, దిష్టి, ర్యాంకు యోగం ఇందుకు మినహాయింపులు.

మా ఊరి బడిలో అయిదో తరగతి చదువుతున్న ఒక కుర్రవాడు పాఠమంతా నోటితో తడుముకోకుండా చెబుతాడు, కాగితం మీద మాత్రం ఒత్తులు ఎగిరిపోతాయి, గుణింతాలు తారుమారవుతాయి, బోర్డు మీది నాలుగు వాక్యాలు దించుకునేసరికి పీరియడు గంట మోగుతుంది. ఇలాంటి వాడికి మన పూర్వులు పైసా ఖర్చు లేకుండా, ఏ మనస్తత్వ నిపుణుణ్ణీ పిలవకుండా 'మొద్దబ్బాయి' అని పేరు పెట్టారు. గుంజీలు, గోడకుర్చీ, తప్పు రాసిన మాటను వందసార్లు రాయించడం అప్పటి చికిత్సలు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించి ఈ వైద్యాన్ని దెబ్బతీసినా, మూడోది ఇంకా బతికే ఉంది. మొన్న ఆ కుర్రవాడు 'బారతదేశం' అని వందసార్లు, ఒక్కటీ తగ్గకుండా రాశాడు. సాధనలో లోపం లేదు.

అయినా ప్రభుత్వం మరీ తొందరపడలేదని ఒప్పుకోవాలి. బిడ్డకు చదవడం కష్టమని నిరూపించడానికి తల్లిదండ్రులు అంతకంటే కష్టమైన కాగితాలు చదివి, స్లాటు పట్టుకుని, వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం శిబిరానికి వెళ్లాలి. వైకల్యం 40 శాతమైతే చట్టం గీసిన 'బెంచ్‌మార్క్' గీత దాటినట్టే. 39 శాతం దగ్గర ఆగిపోయిన వాడు, దేవుడి దయవల్ల, మా ఊరి లెక్కలో బద్ధకస్తుడు.

ర్యాంకు వచ్చేలా ఉన్న పిల్లవాడికి కార్పొరేట్ కళాశాలలో వేరే సెక్షను, మేలైన లెక్చరర్లు, ఫీజు మాఫీ, ఫలితాల మర్నాడు పత్రిక నిండా ఫొటో ఉంటాయని, దాన్ని అన్యాయమని ఎవరూ అనలేదని కొందరు గుర్తుచేస్తున్నారు. అది ప్రోత్సాహం. పరిగెత్తే వాడికి బూట్లు కొనిపెట్టడానికీ, కుంటేవాడికి చేయి అందించడానికీ ఉన్న తేడా తెలియని వారితో వాదించి ప్రయోజనం లేదు.

ఈ రాయితీలను ఖండిస్తూ తీర్మానం చేయడానికి మా తల్లిదండ్రుల కమిటీ గత నెల బడి ఆవరణలో సభ పెట్టింది. పది గంటలకు రావలసిన ముఖ్య అతిథి పదకొండుంబావుకు వచ్చారు. అందాకా ఎండలో వరుసకట్టి నిలబడిన పిల్లల్లోంచి ఆ కుర్రవాడి చేతే పూలగుత్తి ఇప్పించాం. పది నిమిషాల ప్రసంగానికి ఆయన మరో అరగంట అదనంగా అడిగితే ఏకగ్రీవంగా ఇచ్చాం. సర్టిఫికెట్ చూపించమని ఎవరూ అడగలేదు.