నెత్తి మీద దాళ్వా

మా మామయ్యగారికి తణుకు దగ్గర నాలుగెకరాల మాగాణి ఉంది. మోకాళ్ళు సహకరించక కౌలుకిచ్చేశారు గానీ చూపు మాత్రం ఇప్పటికీ రైతు చూపే. అందుకే మా ఆయన మొదటిసారి జుట్టు నాటించుకున్నాక ఏదో ఒక వంకతో ఊరెళ్ళడం తప్పించుకుంటూ వచ్చారు. చివరికి సంక్రాంతికి తప్పలేదు. అరుగు మీద కూర్చోబెట్టి, టోపీ తీయించి, కళ్ళజోడు సర్దుకుని, మామయ్యగారు కొడుకు నుదుటిని ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తీరిగ్గా పరిశీలించారు.

"కుదురుకి నాలుగేసి మొక్కలు పెట్టేశాడ్రా. మధ్యలో ఇంతింత ఖాళీలు. పైగా తాడు కట్టి నాటినట్టు ఈ తిన్నటి వరసేంటి? ఎవడు నాటాడు?"

"డాక్టర్ గారే."

"ఆయనే వంగి నాటాడా, కూలీలకి అప్పజెప్పి గట్టు మీంచే వెళ్ళిపోయాడా?"

మా ఆయన తలెత్తి గాలిపటాల వైపు చూశారు.

వెళ్ళిపోయిన మాట నిజమే. ఆ క్లినిక్‌లో డాక్టర్ ఫోటో గోడంతా ఉంది. డాక్టర్ మాత్రం మార్కర్‌తో నుదుటి మీద ఒక గీత గీసే వరకే ఉన్నాడు. మిగతాదంతా ఇద్దరు కుర్రాళ్ళు క్రికెట్ మ్యాచ్ చూస్తూ కానిచ్చేశారు. జుట్టు నాటే పని శిక్షణ పొందిన డాక్టర్లే చెయ్యాలనీ, వర్క్‌షాపులోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన అది శిక్షణ అయిపోదనీ జాతీయ వైద్య కమిషన్ 2022లో రాసి మరీ చెప్పింది. యూట్యూబ్ పేరు కూడా ఎత్తాల్సి వచ్చిందంటే పాపం ఆ కమిషన్ వాళ్ళు ఎలాంటి నుదుళ్ళు చూసి ఉంటారో.

మన తల మీద వెంట్రుకలన్నీ ఒంటరిగా మొలవవట. ఒక్కో కుదురులోంచి ఒకటి, రెండు, మూడు, అక్కడక్కడా నాలుగు కూడా వస్తాయి. ఆ కుదురునే గ్రాఫ్ట్ అంటారు. దేవుడిచ్చిన తలలో నుదుటి అంచున ఉండేవన్నీ దాదాపు ఒంటి వెంట్రుకలే. గుబురు కుదుళ్ళు ఆ వెనక మొదలవుతాయి. మా కుర్రాళ్ళు చేతికందిన కుదురుని ఖాళీగా కనబడిన కన్నంలో పెట్టేశారు. దాంతో నుదుటి మీద కుచ్చులు కుచ్చులుగా జుట్టు లేచింది. అది కూడా ముందుకి వాలకుండా నిటారుగా ఆకాశం వైపు. ఇదంతా నేను ఫోన్‌లో వివరిస్తే మామయ్యగారికి చాలా తేలిగ్గా అర్థమైంది.

"ముందు వరసలకి శ్రీ వరి పద్ధతి అన్నమాట. ఒంటి మొక్క, ఎడం చూసుకుని నాటాలి. అది తెలీనివాడు తలకాయల జోలికి రాకూడదు. పోన్లేమ్మా, తొలి పంట సార్వా పోతే పోయింది. రెండో పంట దాళ్వా చూసుకోమను."

దాళ్వా డాక్టర్ గారి దగ్గర ఆఫర్లు లేవు, గోడ మీద ఫోటో లేదు, మాటలు కూడా తక్కువే. మొదటి మాటే గుండెల్లో రాయి పడేలా చెప్పారు: "బాగు చెయ్యాలంటే ముందు ఇంకొంచెం పాడు చెయ్యాలండీ." నుదుటి అంచున ఉన్న లావు కుదుళ్ళని ఒక మిల్లీమీటరు కూడా లేని పంచ్ అనే గుండ్రటి కత్తితో ఒక్కొక్కటే పైకి తీసి, మైక్రోస్కోప్ కింద విడదీసి, మళ్ళీ సరైన చోట నాటాలి. అంచున ఒంటి వెంట్రుకలు పెట్టాలి, ముందుకి వాలేలా, వరస అనేది కనబడకుండా. సరే, మిగతా ఖాళీలకి కొత్త కుదుళ్ళు ఎక్కడివి? తల వెనక, చెవికీ చెవికీ మధ్య ఉన్న జుట్టు మామూలుగా బట్టతలకి లొంగదు. నారుమడి అదే. కానీ అక్కడ తీసిన కుదురు మళ్ళీ పుట్టదు. మొదటివాళ్ళు దాన్ని ఎడాపెడా తవ్వి వదిలేశారు.

డాక్టర్ గారు మా ఆయన చుబుకం కింద వేలు పెట్టి ముఖం పైకెత్తారు. దవడ కింద టార్చి వేసి చూసి, "ఇక్కడ సరుకు బాగుంది" అన్నారు.

ఆ గడ్డం తీసెయ్యమని పెళ్ళయినప్పటి నుంచీ పోరుతున్నాను. నా మాట మీద పోనిది మొత్తానికి నెత్తికెక్కే ఒప్పందం మీద పోయింది. గడ్డం వెంట్రుక మొరటుగా ఉంటుంది కాబట్టి ముందు వరసలో పెట్టరు, నడినెత్తిన మిగతా జుట్టులో కలిపేస్తారు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. పొద్దున వెళ్ళారు, చీకటి పడ్డాక వచ్చారు. మత్తు సూదులప్పుడు అమ్మ గుర్తొచ్చిందట, తర్వాత నిద్రొచ్చిందట. అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది. దసరా సెలవులకి ఇంకొన్ని రోజులు కలుపుకున్నారు గనక బ్యాంకులో ఎవరికీ అనుమానం రాలేదు. పండక్కి అత్తయ్యగారూ మామయ్యగారూ కూడా మా ఇంట్లోనే ఉన్నారు. కాబట్టి ప్రేక్షకులకి లోటు లేదు.

తల నున్నగా ఉంది. గడ్డం లేదు, దాంతోపాటు మీసమూ లేదు. నెత్తి మీద ఎర్రటి చుక్కలు, నుదుటికి పట్టీ. వెల్లకిలా పడుకోకూడదు, 45 డిగ్రీల వాలులో తలగడల మీద ఆనుకుని నిద్రపోవాలి. వంగకూడదు, బరువులెత్తకూడదు, తల మీంచి తొడుక్కునే టీషర్టులు వేసుకోకూడదు. హెల్మెట్ ఊసెత్తకూడదు. సెలైన్ స్ప్రే మాటిమాటికీ కొట్టాలి, దురద పెడితే గోకకూడదు. వాపు రాకుండా ఉప్పు తగ్గించాలి. ఈ ఆఖరిది డాక్టర్ గారి మాట కాదనీ, నేను మధ్యలో చేర్చాననీ అత్తయ్యగారు ఇప్పటికీ నమ్ముతారు.

వాపు మూడు నాలుగు రోజులకి నుదుటి మీంచి కిందకి దిగుతుందని ముందే చెప్పారు. చెప్పినట్టే దిగింది. కళ్ళు రెండూ మూసుకుపోయాయి. ఫోనేమో ముఖం చూసి తెరుచుకునే రకం. అది ఈయన్ని ఎవరో పరాయివాడనుకుంది. పాస్‌వర్డ్ కొడదామంటే ఈయనకి అంకెలు కనబడవు, నాకు చెబుదామంటే మనసొప్పదు. ఆ కాస్త వాపులో ఒక మగాడికి ఎన్ని కష్టాలో!

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ పక్కనే నాలా. సాయంత్రమైతే దోమలు. ఒకటి సరిగ్గా కొత్త నాట్ల మధ్య వాలింది. కొట్టడానికి లేదు, చేత్తో తోలడానికి లేదు. ఈయన ఊపిరి బిగబట్టి "ఏమోయ్, వాలింది, వాలింది" అని గుసగుసలాడుతుంటే నేను దూరం నుంచి విసనకర్రతో విసురుతున్నాను. ఇంతలో మా బాబు దోమల బ్యాట్ ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. వాణ్ణి పట్టుకోవడంలో నా గాజులు రెండు పగిలాయి. దోమ మాత్రం తాపీగా భోంచేసి వెళ్ళింది.

ఇదంతా నాలుగు గోడల మధ్య సంగతి. గడప దాటితే తల మన సొంతం కాదు, కాలనీది. ఎదురింటి ఆంటీ తలుపు తీసి చూసి, "ఎప్పుడొచ్చారు తిరుపతి నుంచి? దర్శనం బాగా అయిందా?" అన్నారు. ఈయన మొహమాటానికి "బ్రహ్మాండంగా అయిందండీ" అన్నారు. ఆవిడ మా ఇంట్లోకి తొంగి చూస్తూ అక్కడే నిలబడ్డారు. ప్రసాదం కోసం. ఆ ఒక్క అబద్ధానికి నేను హిమాయత్‌నగర్‌లో టీటీడీ గుడికి వెళ్ళి లడ్డూలు కొనుక్కొచ్చి ఫ్లోరంతా పంచాను. పంచుతుంటే కింద ఫ్లోర్ వాళ్ళకి తెలిసింది.

వాచ్‌మన్ యాదయ్య ఇంకొంచెం లోతుగా ఆలోచించాడు. గుండు ఒక్కటే అయితే తిరుపతి అనుకునేవాడేమో, మీసం కూడా లేకపోయేసరికి దగ్గరకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పెద్దసారు ఎప్పుడు పోయిండు సార్? మంచి మనిషి ఉండె" అన్నాడు. అదే సమయానికి లిఫ్టు తలుపు తెరుచుకుని మామయ్యగారు చేతిసంచీతో బయటికొచ్చారు. "ఇంకా పోలేదయ్యా, ఇప్పుడే పాలకి పోతున్నా" అన్నారు. యాదయ్య ఆ రోజంతా గేటు దగ్గర కనబడలేదు.

దీపావళి నాటికి పొక్కులన్నీ రాలిపోయి, నాటిన వెంట్రుకలు బియ్యపు గింజంత నిలబడ్డాయి. ఈయన అద్దం ముందు నుంచి కదలడం లేదు. నరకచతుర్దశి తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, అత్తయ్యగారు నువ్వుల నూనె గిన్నెతో లేపారు. పండగ పూట తలంటు పోయకపోతే ఎలా అన్నారు. ఈయనకి నిద్రమత్తు. పీట మీద కూర్చున్నారు. ఆవిడ చిన్నప్పుడు ఎలా రుద్దేవారో అలాగే మాడు మీద నూనె పెట్టి అరచేత్తో గట్టిగా నాలుగు రుద్దులు రుద్దారు. చెయ్యి తీసి లైటు కింద చూసుకుంటే అరచేతి నిండా వెంట్రుకలు.

ఆ కేకకి నేను లేచాను, పక్క ఫ్లాటులో కుక్క లేచింది. "నా చేతులతో నేనే పీకేశానే అమ్మాయ్! లక్షల పంట!" అని ఆవిడ కూలబడిపోయారు. కూలబడి, నూనె చేతులే జోడించి, "స్వామీ వెంకటేశ్వరా, మావాడి జుట్టు మావాడికి తిరిగొస్తే ఆ జుట్టు నీకే సమర్పించుకుంటాం, కొండకొచ్చి గుండు చేయిస్తాను" అని మొక్కేసుకున్నారు.

ఈయన అప్పుడు పూర్తిగా మేలుకున్నారు. డాక్టర్ ఇచ్చిన కాగితం తెచ్చి చదివి వినిపించారు. నాటిన వెంట్రుకలు రెండు మూడు వారాలు దాటాక ఎలాగూ రాలిపోతాయి. దీన్ని షాక్ లాస్ అంటారు. వేరు లోపల భద్రంగానే ఉంటుంది, మూడు నాలుగు నెలలకి అసలు జుట్టు మొదలవుతుంది, పూర్తిగా రావడానికి ఏడాది పడుతుంది. మామయ్యగారు కూడా మంచం మీంచే సమర్థించారు: "నాటు పడ్డాక మొక్క పసుపెక్కుతుంది, తర్వాత తేరుకుంటుంది. దానికి దణ్ణాలెందుకే?"

అత్తయ్యగారు అంతా విన్నారు. ఊపిరి పీల్చుకున్నారు. "అయితే మంచిదే. మొక్కు మాత్రం మొక్కే" అన్నారు.

తర్వాతి నెలల్లో తల మీద జరిగిందేం లేదు, మందుల డబ్బాలో జరిగింది. జుట్టు నిలవడానికి ఈయనకి రోజూ ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము రాశారు. ప్రోస్టేట్‌కి మామయ్యగారు వాడేదీ అదే మందు, కాకపోతే 5 మిల్లీగ్రాములు. రెండు డబ్బాలూ ఒకే అలమరలో చూసి అత్తయ్యగారు నన్ను వంటింట్లోకి పిలిచి, "వీడికి అప్పుడే అదొచ్చిందా?" అని గొంతు తగ్గించి అడిగారు. డెబ్బై దాటినా మామయ్యగారి జుట్టు దువ్వెనకి లొంగదు. బట్టతల మాత్రం ఈయనకి మేనమామల వైపు నుంచి వచ్చింది. ఈ విషయం మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

మొలకలు కనబడ్డాక చూస్తే, ముందు వరస చాలా ముద్దుగా వచ్చింది. కాదన్నవాడి కళ్ళు పోతాయి. నడినెత్తి దగ్గరే కొంచెం తేడా. వెంట్రుకని ఎక్కడికి మార్చినా పుట్టిన చోటి గుణం వదలదని న్యూయార్క్‌లో ఆరెంట్రైక్ అనే డాక్టర్ 1952లో మొదలుపెట్టిన ఆపరేషన్లతో తేలిందట. ఈ విద్యంతా నిలబడింది ఆ సూత్రం మీదే. గడ్డం వెంట్రుకలకీ ఆ సూత్రం వర్తించింది. నెత్తి మీదకెక్కినా అవి గడ్డంలాగే ఉంగరాలు తిరుగుతున్నాయి, వాటిలో తెల్లవి తెల్లగానే ఉన్నాయి. దువ్వుకుని పైన నాలుగు వెంట్రుకలు కప్పితే ఎవరికీ తెలీదు. మా బాబుకి తెలుసు.

జుట్టు రావడం చూసి అత్తయ్యగారు కొండ మీద గది కోసం వాకబు మొదలుపెట్టారు. ఈయన తెలివిగా పురాణంలోంచి నరుక్కొచ్చారు. గొల్లవాడి దెబ్బకి స్వామి తల మీద కొంత జుట్టు పోతే నీలాదేవి తన జుట్టు తీసి అక్కడ పెట్టిందని కథ ఉంది కదా. "చూశావా అమ్మా, స్వామివారిది కూడా ట్రాన్స్‌ప్లాంటే. ఈ బాధ ఆయనకి తెలుసు, అందుకని నన్ను అడగడు."

"తెలుసు గనకే ఇస్తే సంతోషిస్తాడురా" అన్నారు అత్తయ్యగారు.

ఆడవాళ్ళయితే మూడు కత్తెర్లు ఇచ్చి ఊరుకుంటారు కదా, నాకు అలా కుదరదా అని కూడా అడిగి చూశారు. ఆవిడ జవాబివ్వలేదు. చూశారంతే.

చివరికి ఒక రాజీ కుదిరింది. డాక్టర్ గారు వద్దంటే మానెయ్యాలి, సరేనంటే కల్యాణకట్టకి వెళ్ళాలి. ఎలాగూ చెకప్ ఉంది, అత్తయ్యగారు కూడా బయల్దేరారు. దారి పొడుగునా ఈయన హుషారుగా ఉన్నారు. అంత కష్టపడి ఒక్కొక్కటే నాటిన మనిషి గొరగమని ఎలా చెబుతాడు, చూడండి అని నా చెవిలో అన్నారు.

మమ్మల్ని లోపలికి పిలిచారు. డాక్టర్ గారు నవ్వుతూ లేచి నిలబడ్డారు. ఒత్తైన క్రాపు ఉండాల్సిన చోట నిగనిగలాడే గుండు, దాని మీద ఇంకా పూర్తిగా పోని చందనం.

"నిన్ననే వచ్చామండీ కొండ నుంచి. మా అమ్మగారి మొక్కు" అంటూ సొరుగులోంచి ప్రసాదం తీసి అత్తయ్యగారి చేతిలో పెట్టారు.

ఆవిడ కళ్ళకద్దుకుని, డాక్టర్ గారి తలని తృప్తిగా చూసి, "మనం ఇంక అడగాల్సిందేం లేదు, పద నాన్నా" అన్నారు.

మా ఆయన ప్రసాదానికి చెయ్యి చాపలేదు. ఆయన వాటా కూడా నేనే తిన్నాను.